తాలీముమన్ను

తాలీములో పాఠము పలుగుతో మొదలగును. తూరుపు ఇంకను తెలుపెక్కకముందే ఇద్దరు ముగ్గురు కుఱ్ఱవాండ్రు లంగోటీలు బిగించి గుంటలోనికి దిగి, నిన్నటి పెనుగులాటలకు అణగి గట్టిపడిన మన్నును ఈ మూలనుండి ఆ మూలకు గ్రుచ్చి, పెల్లలు చేతితో చిదిపి, వ్రేళ్ళకు తగిలిన గులకరాతినెల్ల ఏరి గట్టుమీదికి విసరివేసి, పిదప బరువైన పలకను త్రాటితో ఈడ్చి చదునుచేయుదురు. ఆ పలకమీద అందరికంటె చిన్నవానిని కూర్చుండబెట్టుట వాడుక. వాని బరువు మన్నుకును, ఆ ఈడ్పు ఈడ్చువాని తొడలకును పనికివచ్చును. మన్ను ఊరకే మన్ను గాదు. పసుపు, నువ్వులనూనె, మజ్జిగ, నిమ్మరసము, కలిగినవారు కొంత నేయి, దానిలో కలిపి నానబెట్టి, గాయమునకు చీముపట్టకుండునట్లును, చెమట పట్టిన ఒంటికి అంటియు అంటనట్లును దానిని సిద్ధముచేయుదురు. క్రొత్తగా చేరిన పిల్లవానికి కొన్ని వారములు ఇదియే చదువు. పట్టు నేర్పుటకు పూర్వము, పడిన తోటివానికి దెబ్బ తగులని నేలను తయారుచేయుట నేర్పుదురు.

తాలీమను మాట ఇచ్చట మనము కొంచెము ఆగి చూడదగినది. అరబ్బీలో దానికి బోధన, చదువు చెప్పుట అని అర్థము. ఉరుదూ పండితుడు ఆ మాట పలికినచో మదరసాయు, గ్రంథమును, దీపపువెలుగును మనస్సునకు తోచును. కాని హైదరాబాదు పాతనగరపు గల్లీలలో ఆ మాటకే కుస్తీగుంట అనియు అర్థము, తెలుగువాని నోటనైతే ఒడలు వంచిచేయు సాధన అను అర్థమొక్కటియే మిగిలినది. అటులే ఉస్తాదన గురువు. సంగీతమునకు ఉస్తాదుండును, అత్తరు కాచువానికి ఉస్తాదుండును, దర్జీకిని ఉస్తాదుండును. ఆ ఉస్తాదు తెలుగున వస్తాదై, మీసము దువ్వి, కండలు తిరిగి, గ్రామముల తిరునాళ్ళలో తొడగొట్టు మల్లుడై నిలిచినాడు. ఒక భాషలోని గురువు మఱియొక భాషలో పహిల్వానుగా మారుట వింతగా కన్పట్టును గాని, ఈ మాటలు ఏ త్రోవను మనకు చేరినవో విచారించినచో వింత తీరిపోవును. మన రైతును, మన కూలియును, మన కోమటియును చూచిన ఉస్తాదు చాపమీద కూర్చున్నవాడు గాడు, మన్నులో నిలుచున్నవాడు.

ఆ త్రోవలలో ముఖ్యమైనది పురానాపూలు. 1578లో ఇబ్రాహీం కులీ కుతుబ్‌షా కట్టించిన ఈ రాతివంతెన 22 కమానులతో, సుమారు 600 అడుగుల పొడవున, 35 అడుగుల వెడల్పున మూసీనదిని దాటుచున్నది. హైదరాబాదు పుట్టినది 1591లో. అనగా ఊరికంటె వంతెన పదమూడేండ్లు పెద్దది. రాకుమారుడు ముహమ్మదు కులీ ఆవలిగట్టున చిచిలం గ్రామమందున్న భాగమతికొఱకు వరదనదిలో గుఱ్ఱమును దుమికించెననియు, తండ్రి భయపడి వంతెన కట్టించెననియు కథ. రాకుమారుడు 1565 ప్రాంతమున జన్మించినవాడు గనుక వంతెన ముగిసిననాటికి పండ్రెండు పదమూడేండ్ల బాలుడు. అట్టి బాలుని విరహమునకంటె గోలకొండకోటలో పట్టక పొరలిపోవుచుండిన జనమునకును, కార్వానులో దిగు బిడారులకును ఆవలిగట్టు కావలసివచ్చినదని నమ్ముట నాకు సులభము. అయినను ఆ కథను వంతెనమీద కూరగాయలమ్ము అవ్వలు నాకంటె చక్కగా చెప్పుదురు గనుక దానిని వారికే విడిచెదను. వజ్రముల బేరమునకై 17వ శతాబ్దమున ఇచ్చటికి వచ్చిన ఫ్రెంచివర్తకుడు టావెర్నియే, ఈ వంతెన అందమున పారిసులోని పాన్‌నెఫ్‌కు ఏమంత తీసిపోదని వ్రాసినాడు. ఆ పారిసు వంతెనకును 1578లోనే పునాది పడినది. పాన్‌నెఫ్ అనగా కొత్తవంతెన. వారు నాలుగు శతాబ్దములకు పైగా దానిని కొత్తవంతెన యనియే పిలుచుచున్నారు; మనకో, అఫ్జల్‌గంజుచెంత నయాపూలు వచ్చినంతనే ఇది పాతదైపోయినది.

వంతెనకు ఉత్తరపు గట్టున కార్వాను, జియాగూడ, ధూల్‌పేట, జుమేరాత్ బజారు. దక్షిణపు గట్టున పాతకోటగోడయొక్క పురానాపూలు దర్వాజా. ఆ గోడకున్న దర్వాజాలలో నేటికి నిలిచినవి ఇదియు దబీర్‌పురా దర్వాజాయు మాత్రమే. పడమటి బాటసారి, బిడారు, సిపాయి, ఫకీరు, గుఱ్ఱముల బేరగాడు, ఎవ్వడైనను ఈ ఇఱుకుదారినే ఊరిలో ప్రవేశింపవలసియుండెను. అట్లు వచ్చినవారు మూటలతోపాటు తమ తమ దేశములలో నేర్చిన వ్యాయామములను కూడ ఒంటిమీద పెట్టుకొని వచ్చిరి. సుంకపుచౌకీలో దానికి సుంకము లేదు.

అంతమాత్రమున మల్లవిద్య ఈ వంతెనమీదుగా వచ్చినదని ఎవరును భ్రమపడరాదు. వంతెన పుట్టుటకు ఇంచుమించు నాలుగున్నర శతాబ్దములకు ముందే, కళ్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు తన మానసోల్లాసమున మల్లవినోదమని ఒక ప్రకరణము వ్రాసి, మల్లులను వయస్సునుబట్టియు దేహబలమునుబట్టియు తరగతులుగా విభజించి, వారి ఆహారమును, సాధనను, పట్లను వివరించినాడు. అందు మేటిమల్లునికి జ్యేష్ఠికుడని పేరు. మల్లులు సాధనచేయు తావునకు అఖాడకమని పేరు. మన జెట్టి ఆ జ్యేష్ఠి వికృతియే. సాము అనుమాట శ్రమమునుండి పుట్టినది. గరిడి అను మాట మనకును, గరడిమనె యని కన్నడిగులకును, గరోడి యని తుళువులకును ఉన్నది. ఈ మాటలన్నియు గుంపును, తావును, గురువును ముందు భావించుకొని పుట్టినవే. విజయనగరమునకు వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, కృష్ణదేవరాయలు ప్రతిదినము వేకువకు ముందే నువ్వులనూనె త్రాగి, ఒంటికి పట్టించి, మట్టితోచేసిన పెద్ద బరువులు చేతులతో నెత్తి, కత్తిసాముచేసి, త్రాగిన నూనె చెమటగా వెడలినపిదప తన జెట్టులలో ఒకనితో కుస్తీపట్టి, తరువాత తెల్లవారువఱకు గుఱ్ఱమెక్కి పరుగెత్తించెడివాడని వ్రాసినాడు. చదువరులు నూనెయొద్దనే ఆగిపోవుదురు. నేను ఆ జెట్టియొద్ద ఆగుదును. అంతటి రాజునకును బరువెత్తుటకు పరులక్కఱలేదు, కత్తి త్రిప్పుటకు పరులక్కఱలేదు. కుస్తీకి మాత్రము ఎదుట ఒక మనుష్యుడు కావలసివచ్చినాడు.

కుతుబ్‌షాహీల కాలమున ఇరానునుండి పండితులు, వైద్యులు, సైనికులు గోలకొండకు తండోపతండములుగా వచ్చుచుండిరి. ఇరానులో జూర్‌ఖానా, అనగా బలశాల, అనునది ప్రతి నగరమునను కలదు. నేలకు దిగువగా త్రవ్విన గుంటలో పదిమంది వలయముగా నిలిచి, గట్టుమీద కూర్చుండి డోలు మ్రోగించు ముర్షిదు పాటకు లయ తప్పక ముద్గరములు త్రిప్పుదురు, బస్కీలవంటివి, దండీలవంటివి చేయుదురు, చివర కుస్తీపట్టుదురు. 2010లో యునెస్కో ఈ ఆచారమును మానవజాతి వారసత్వముల పట్టికలో చేర్చినది. ఆ గుంటను వారు గౌద్ అందురు. మన తెలుగులో కుస్తీపట్టు తావు గోదా. ఈ రెంటికిగల పోలిక చెవికి తట్టక మానదు. పహిల్వాను మాట పారసీకమే, కుస్తీ మాటయు పారసీకమే. అటువైపు అఖాడా సంస్కృతపుటింటిది. బరి యను మాట మన ఇంటిది. ఒక్క గుంటకు ఇన్ని పేర్లుండుటనుబట్టి అందులో ఎన్ని ఊళ్ళవారు దిగిరో తెలిసికొనవచ్చును.

తాలీము అనునది ఏదో చాటుగా నడచిన వేడుక గాక నగరనిర్మాణములోనే ఒక అంగముగా ఉండెననుటకు సాక్ష్యము కావలసినవారు బీదరు పోయి చూడవచ్చును. 1956వఱకు హైదరాబాదు రాష్ట్రములోనిదే యైన ఆ పట్టణమున సిద్దీఖ్‌షా తాలీము, నూర్‌ఖాన్ తాలీము, మన్‌హియారుల తాలీము, పన్‌సాలీల తాలీము అని నాలుగు కలవు. హైదరాబాదు పురాతత్త్వశాఖకు అధ్యక్షుడుగా ఉండిన గులాం యజ్దానీ, 1947లో వెలువడిన తన బీదరు గ్రంథమున కోటలను, మసీదులను, గోరీలను వర్ణించినట్లే వీనినికూడ లెక్కలోనికి తెచ్చి వర్ణించినాడు. కండలు పెంచు తావును కట్టడముగా చూచి కొలతలు వ్రాసికొనిన పండితునియెడ నాకు గౌరవము మెండు. సామాన్యముగా మన చరిత్రకారులు రాజు పండుకొనిన గది కొలతలు వ్రాయుదురు గాని, వాని కావలివాడు కసరత్తుచేసిన తావును తొంగియైనను చూడరు.

ఇక పాఠమునకు వత్తము. మన్ను చదునైనపిదప ఒక్కొక్కడును వంగి దానిని వ్రేళ్ళతో తాకి కన్నులకద్దుకొని లోనికి దిగును. గోడమీద ఆంజనేయుని పటమున్న చోట ఆయన పేరు తలతురు. ముసల్మానుల తాలీములలో యా అలీ అని బిగ్గరగా అందురు. రెండును వినబడు తావులును ఈ ఊరిలో ఉండెను. చేరిననాడు శిష్యుడు మిఠాయి తెచ్చి పంచవలెను. నెలజీతమను పద్ధతి పూర్వము లేదు. అందరును వలయముగా నిలిచి దండీలు తీయుదురు. అఱచేతులు నేల మోపి, పాములు ప్రాకునట్లు ఎదురొమ్మును నేలకు ఆనీ ఆనకుండ ముందునకు జార్చి పైకెత్తుట దండి. నిలిచి, మోకాళ్ళు వంచి గొంతుకూర్చుండి లేచుట బస్కీ. ఒక్కడు లెక్కపెట్టును, తక్కినవారు చేయుదురు. ఏకాకిగా నలుబదికి అలసిపోవువాడు గుంపులో నూటికి పోవును, ఎందుకనగా ప్రక్కవాడు ఇంకను చేయుచున్నాడు. ఆ ప్రక్కవాడును ఇదే కారణమున ఆగలేక చేయుచున్నాడు. తరువాత సంగడములు, ముద్గరములు, మెడకు తగిలించుకొను రాతిచక్రములు. ఇవి యైనపిదపగాని జోరు మొదలుకాదు. జోరు అనగా పందెపు కుస్తీ గాదు, నేర్చుకొనుటకు పట్టు కుస్తీ. ఈడుకు ఈడు, జోడుకు జోడు చూచి ఉస్తాదు జతలు కట్టును.

ఉస్తాదు గుంటలోనికి దిగుట అరుదు. ఆయన గట్టుమీద తువాలు భుజమున వేసికొని కూర్చుండును. దిగి నేర్పువాడు ఖలీఫా, అనగా పాతశిష్యులలో పెద్దవాడు. వాడు తనకంటె చిన్నవానికి, వాడు మఱింత చిన్నవానికి నేర్పుచుపోవుదురు గనుక ఒక్క గుంటలో ఒక్కసారియే నాలుగు తరగతులు నడచును. ధోబీపాట్ అను పట్టును నేర్పు తీరు చూడుడు. ఎదిరి కుడిచేతిని రెండుచేతుల పట్టుకొని, గిఱ్ఱున వెనుదిరిగి, వాని చంకను తన భుజముమీదికి తెచ్చుకొని, మోకాళ్ళు కొంచెము కుంగి, ఒక్క వంపుతో వానిని తల మీదుగా ముందునకు వేయవలెను; చాకలి తడిబట్టను బండమీద వేసినట్లు పడవలెను గనుక ఆ పేరు వచ్చినది. మొదట చేయిపట్టుట మాత్రమే పదిసార్లు. పిదప తిరుగుట మాత్రమే. ఎత్తుట తరువాతి వారము. వేయుట దాని తరువాత. ఇన్నాళ్ళును ఎదుట నిలుచున్నవాడు తన చేతిని ఇచ్చి, తన బరువును ఇచ్చి, కుంగవలసినంత కుంగకున్న బరువు ఎట్లు జారిపోవునో తన ఒంటితోనే తెలుపుచుండును. చివర వాడు పడవలెను. పడుట యొక విద్య: గడ్డము ఎదురొమ్మునకు అదిమి, ఒకప్రక్కగా దొరలి, అఱచేతితో నేలను చఱచి దెబ్బను మన్నునకు ఒప్పగించవలెను. బాగుగా పడగలవానికి తాలీములో గిరాకీ ఎక్కువ. ప్రతివాడును వానితోనే నేర్చుకొనగోరును. వేయువాని పేరు పదిమందికి తెలియును గాని, వాని ధోబీపాట్ ఎందఱి పడుటవలన నేర్చినదో వానికొక్కనికే తెలియును.

వీపు రెండుభుజములతో నేలకంటిన చిత్తు. తెలుగుపత్రికలు ఎన్నికలలో ఓడినవానిని చిత్తుగా ఓడెనని వ్రాయుచున్నవి. మంత్రివర్గ విస్తరణకు ముఖ్యమంత్రి కసరత్తు చేయుచున్నాడని వ్రాయుచున్నవి. ఫలానివాడు గోదాలోనికి దిగెననియు వ్రాయుచున్నవి. అట్లు వ్రాయు ఉపసంపాదకులలో మన్ను అంటినవాడెవడైన ఉన్నాడేమో నేనెఱుగను. మాటలుమాత్రము తాలీమునుండి లేచి, ఒళ్ళు దులుపుకొని, సభలలోనికి వచ్చి కూర్చున్నవి.

19వ శతాబ్దమున ఈ విద్య హైదరాబాదులో బహుముఖముగా వ్యాపించుటకు కారణము సైన్యముల కలగూరగంప. నిజాం ప్రభుత్వము తన సొంత సేననుగాక అరబ్బులను, రోహిలాలను, ఉత్తరదేశపు లోధులను కొలువులో పెట్టుకొనెను. మంత్రి చందూలాలు కాలమున, 1832లో, పంజాబునుండి రంజితుసింగు పంపిన సిక్కుసేన వచ్చి లాహోరీ ఫౌజు అను పేర నిలిచిపోయెను. వారి బరంబలా గురుద్వారము పురానాపూలునకు ఎగువను అత్తాపూరు దిక్కున కలదు. లోధులు ధూల్‌పేటలో పాతుకొనిరి. అరబ్బులు దక్షిణమున దిగిన బ్యారక్సులే బార్కాసు అయినవి. నేటికిని అచ్చట కుస్తీకుటుంబములు కలవు, తెల్లవారుజామున గోదుమలును మాంసమును మెదిపి వండిన హరీసు అమ్మువారును కలరు. సిక్కుల గత్కా అను కఱ్ఱసాము, అరబ్బుల జంబియా అను వంకరబాకు, లోధుల లాఠీ, తెలుగుజెట్టుల పట్లు, ఇవన్నియు కొన్ని మైళ్ళ మేరలో ఒకదాని కంటపడి యొకటి పెరిగినవి. మొదటి సాలారుజంగు 1853లో దివానుపదవికి వచ్చి, విచ్చలవిడి సైన్యములను క్రమముగా అదుపులోనికి తెచ్చినపిదప, ఈ ఆయుధవిద్యలకు కొలువు తగ్గినది. కత్తి యుద్ధమునకు పనికిరానిదైనప్పుడు పండుగకు పనికివచ్చినది. ముహర్రములో పీరులముందు సాముచేయువారును, దసరానాడు కఱ్ఱలు త్రిప్పువారును ఆ సైనికుల మనుమలే. జీతమిచ్చు ప్రభువు పోయినను ఉదయమున గుంటకు వచ్చుట మానలేదు. తాలీము ఇట్లు సైన్యమునుండి విడివడి పేటవారి కూటమియైనది.

ఇదే కాలమున భూగోళమునకు ఆవలి చివర, మంచుదేశమైన నార్వేలో, ఇంచుమించు ఇట్టి కథయే నడచినది. టెలిమార్క్ అను కొండజిల్లాలో మోర్గెడాల్ అను కుగ్రామము; అందొక పేదకౌలుదారు, పేరు సోండ్రే నోర్‌హైమ్. కాళ్ళకు పొడవైన చెక్కలు కట్టుకొని మంచుమీద జారుట అచ్చట పూర్వమునుండి ప్రయాణసాధనమే. ఇతడు మడమచుట్టును మెలివేసిన పచ్చి కొమ్మలతో పట్టీ అల్లి, పాదము చెక్కను విడువకుండునట్లును, మడమమాత్రము స్వేచ్ఛగా లేచునట్లును చేసి, వాలునుండి దిగునపుడు ఒక కాలు ముందునకు నెట్టి, వెనుకకాలి మోకాలు మంచును తాకవచ్చునంతగా కుంగి మలుపు తిరుగు పద్ధతిని మెఱుగుపెట్టినాడు. ఆ జిల్లాపేరే ఆ మలుపునకు నిలిచినది. 1868లో అతడు రాజధానియగు క్రిస్టియానియాకు, అనగా నేటి ఓస్లోకు, వచ్చి పందెములో దానిని ప్రదర్శింపగా పట్టణపువారు విస్తుపోయిరి. విస్తుపోయినంతమాత్రమున విద్య రాదు. 1881లో ఆ మోర్గెడాల్ ఊరివారే యగు హెమ్మెస్ట్‌వెయిట్ సోదరులు, మిక్యెల్, తోర్యూస్ అనువారు, రాజధానిలో పాఠశాల తెఱచి పట్టణయువకులను గుంపుగా నిలిపి నేర్పనారంభించిన తరువాతనే ఆ మోకాటివంపు పల్లె దాటినది. నేటికిని ఆ మంచుపాఠములను విహారసంఘములవారు తమ సభ్యులకు గుంపులుగానే చెప్పింతురు. మొదటి ఉదయము గురువు నేర్పునది ఎట్లు పడవలెనో, పడి ఎట్లు లేవవలెనో. మూసీగట్టున మంచు పడదు. కాని ఒక కాలు ముందుకు, ఒక మోకాలు నేలకు, నడుము నిటారు, ఈ భంగిమను ఇచ్చటి పహిల్వానునకు చూపినచో వాడు నవ్వి, ఎదిరి కాలిని పట్టుటకు తాను ప్రతిదినము దిగు భంగిమ అదియే యనును.

మరల మన వంతెనయొద్దకు వత్తము. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలకొలది ప్రాణములను పొట్టనబెట్టుకొన్నది. నదిమీద తరువాత కట్టిన వంతెనలు కొట్టుకొనిపోవగా పురానాపూలు దెబ్బలు తినియు నిలిచినది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాపై ఊరికి ఎగువను 1920లో ఉస్మాన్‌సాగరము, 1927లో హిమాయత్‌సాగరము ముగిసినపిదప వరదభయము తగ్గినది, దానితో నీరును తగ్గినది.

ఆ తరములోనే తెలుగుదేశపు ఇంకొక మూల వీరఘట్టమున పుట్టి విజయనగరమున పెరిగిన కోడి రామమూర్తినాయుడు, సైదాపేట కళాశాలలో వ్యాయామోపాధ్యాయుడుగా శిక్షణపొంది, సర్కసు కట్టి, గొలుసులతో మోటారుబండ్లను ఆపియు, ఏనుగును ఎదపై ఎక్కించుకొనియు దేశదేశముల కీర్తిపొందినాడు. జనులు ఏనుగును మఱవలేదు. ఆయన మొదట పాఠశాలలో పిల్లలను వరుసలుగా నిలిపి వ్యాయామము చెప్పిన పంతులన్న సంగతి మఱచిరి. హైదరాబాదుననే ఉపాధ్యాయుడుగా పనిచేసి కాల్బంతి శిక్షకుడైన సయ్యదు అబ్దుల్ రహీము సంగతియు ఇట్టిదే. 1951లోను 1962లోను భారతదేశమునకు ఆసియాక్రీడలలో స్వర్ణమును, 1956 ఒలింపిక్సులో నాలుగవ స్థానమును తెచ్చిన ఆయనను ఊరివారు రహీంసాబనిరి. ఆయన దిగినది మన్నుగుంట గాదు, పచ్చికమైదానము. అయినను గట్టుమీద నిలిచి గుంపును చూచి, ఎవనిలో ఏమున్నదో ఎఱిగి, ఎవనిని ఎవనితో జతపఱుపవలెనో నిర్ణయించు ఉస్తాదు చూపు ఆయనది.

1930ల నాటికి తాలీములమీద రాజకీయపు నీడ పడినది. సభకైనను అనుమతి కావలెనను గస్తీ నిషాన్ 53 అమలులోనున్న నిజాం రాజ్యమున, పదిమంది యువకులు ప్రతి ఉదయము కూడు తావు వ్యాయామశాల యొక్కటియే. ఆర్యసమాజమువారు వానిని పెట్టిరి, వారి ప్రత్యర్థులును తమ తమ కవాతులు పెట్టిరి; 1938 ఏప్రిలులో ధూల్‌పేటలో అల్లర్లు చెలరేగినవి, ఆ ఏడే ఆర్యసత్యాగ్రహము మొదలైనది. ఒకే గట్టున నేర్చిన పట్లు ఒండొరులమీద ప్రయోగింపబడిన ఆ పదేండ్లను గూర్చి ఇచ్చట విస్తరింపను. ఒకటిమాత్రము చెప్పెదను: కఱ్ఱసాములో ఎదిరి దెబ్బను కాచుకొనుటకు వ్యవధి యిచ్చుట మర్యాద, గల్లీపోరులో ఆ మర్యాద పాటించిన వస్తాదు ఎవడును లేడు.

తరువాత వచ్చినది పరుపు. ఒలింపిక్సు కుస్తీ మన్నుమీద గాదు, మెత్తపై. 1952లో హెల్సింకీలో కంచుపతకము గెలిచిన ఖాశాబా జాదవు మన్నులో పెరిగినవాడే యైనను, వాని తరువాతివారికి మెత్త తప్పలేదు. మెత్త వేగము కోరును, మన్ను ఓపిక కోరును. మెత్తను తుడిచిన చాలును. గ్రుచ్చనక్కఱలేదు, గులకరాళ్ళు ఏరనక్కఱలేదు. అటుపిమ్మట యంత్రముల జిమ్ములు వచ్చినవి. అచ్చట అద్దమున తన్నుదాను చూచుకొనుచు ఒక్కొక్కడును తన యంత్రముతో తాను పెనుగులాడును. యంత్రము ఎన్నడును పడదు గనుక పడుట నేర్పదు. నాకు జిమ్ములతో పగలేదు. పాతనగరమున తాలీముల పిల్లలే పలువురు సాయంకాలము జిమ్ములలో శిక్షకులుగా జీవించుచున్నారు.

గుంపుపాఠము మాత్రము వేఱొక తావున తలయెత్తినది. హైదరాబాదునకు తూర్పున భువనగిరి ఏకశిలాదుర్గపు బండమీద, నడుమునకు త్రాడుకట్టుకొని వరుసగా నిలిచి, విహారసంఘములవారును పాఠశాలల పిల్లలును బండలెక్కుట నేర్చుచున్నారు. 2014 మే 25న ఎవరెస్టు శిఖరమెక్కిన మాలావత్ పూర్ణ, ఆనందకుమారు మొదట చేతులు పెట్టినది ఈ బండమీదనే. పదునాలుగేండ్లు నిండని ఆ బాలిక డార్జిలింగు పర్వతారోహణసంస్థకు పోవుటకు పూర్వము ఇచ్చట గుంపులో ఒకతెయై నేర్చినది. అచ్చట పైకెక్కువాని త్రాటిని క్రింద ఒకడు పట్టుకొని నిలుచును. వానివంతు వచ్చినపుడు పైవాడు దిగి వాని త్రాటిని పట్టును. కన్నులు మూసికొని విన్నచో గట్టుమీది ఖలీఫా కేకయే ఆ బండక్రిందను వినబడును.

పురానాపూలునొద్ద ఏడుగంటలకు తాలీము ముగియును. కుస్తీపట్టినవారు ఒండొరుల వీపులమీది మన్నును అఱచేతులతో గీచి తీయుదురు. తన వీపు తనకందదు గదా. గీచిన మన్ను గుంటలోనికే పోవలెను, పిడికెడైనను బయట పాఱవేయరాదు. చిన్నవాండ్రు మన్నునంతటిని నడుమ కుప్పగా ఎగదోసి గోనెపట్టా కప్పుదురు. ఉస్తాదు లేచి తువాలు దులుపుకొని పోవును. శిష్యులలో ఒకడు గల్లీ దాటి వంతెనమీదికి వచ్చి, వాళ్ళమ్మ అప్పటికే పఱచియుంచిన గోనెసంచిమీద టమాటాలను, తోటకూరకట్టలను సర్ది, చెవివెనుక ఇంకను అంటియున్న ఎఱ్ఱమన్నుతోనే త్రాసు చేతికెత్తుకొనును.